నాలుగో దెబ్బ

వినికిడి పరీక్షలు చేసేవాడికి మనుషుల మీద నమ్మకం తొందరగా పోతుంది. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి బటన్ ఇచ్చి, "కూత వినబడగానే నొక్కు" అంటే, సగం మంది వినబడకపోయినా నొక్కుతారు. పదకొండేళ్లుగా సౌదీలోని యాన్బులో అదే నా పని. రిఫైనరీలకు మనుషులను పంపే కంపెనీలు ఏడాదికోసారి తమ వాళ్లను మా క్లినిక్‌కు తోలేవి. దొంగ నొక్కుళ్లు పట్టుకోవడంలో ఇష్తియాక్‌ను మించినవాడు లేడని అందరూ అనేవారు. ఇష్తియాక్ అంటే నేనే, మాది రాయచోటి. ఆ మాట విని విని నాకు పొగరెక్కింది. ఆ పొగరుకు మూల్యం చెల్లించింది మాత్రం నేను కాదు.

రెండు వేల పద్దెనిమిది సంగతి ఇది. అప్పుడు యాన్బులో ఎవరిని కదిపినా నితాఖత్ అనే సౌదీ కోటా చట్టం రంగుల గురించే మాట్లాడేవారు. సౌదీలు తక్కువున్న కంపెనీ పచ్చలోంచి పసుపుకు, పసుపులోంచి ఎరుపుకు దిగిపోయేది. ఎరుపులో పడితే ఇకామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ కావు. దానికి తోడు బయటి దేశాలవాళ్లకు తలకింత అని లెవీ. దాంతో మనుషులను ఇళ్లకు పంపడానికి కంపెనీలు సాకులు వెతికేవి. ఆ సాకుల్లో అన్నిటికన్నా మర్యాదగా కనిపించేది మెడికల్ అన్‌ఫిట్. అంటే నేను సంతకం పెట్టే కాగితం. నా ఉద్యోగం కూడా సౌదీలకు ఇచ్చే జాబితాలోకి ఎక్కుతుందని మా క్లినిక్‌లో గుసగుసలు. నాతో పనిచేసే కేరళ ఆయన్ను అప్పటికే పంపేశారు. ఇద్దరి పని నా ఒక్కడి మీద పడింది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం మొండయ్య వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె, యాభై రెండేళ్లు. బట్టతల, పొడుగాటి చేతులు. ఓ చిన్న కాంట్రాక్టరు దగ్గర హోల్ వాచ్. రిఫైనరీలో వెసెళ్లనే పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులను ఆపి శుభ్రం చేసేటప్పుడు ఒకడు లోపలికి దిగుతాడు. ఇంకొకడు ఆ దిగే కంత దగ్గర కాపలా ఉంటాడు. లోపలివాడు బాగున్నాడా లేదా అని కనిపెట్టుకుని ఉండటం తప్ప అతనికి వేరే పని లేదు. ఆ పనినే హోల్ వాచ్ అంటారు.

పరీక్ష అయ్యాక చార్టు చూసి ఆశ్చర్యపోయాను. గీత ఎక్కడా వంగలేదు. పందొమ్మిదేళ్లు కంప్రెసర్ల పక్కన నిలబడ్డ మనిషికి పెళ్లికొడుకు చెవులు! మెషిన్ చెడిందేమో అనుకుని హెడ్‌ఫోన్ నేనే పెట్టుకుని చూశాను. మెషిన్ బాగానే ఉంది.

అప్పుడు తట్టింది, తప్పు నాదేనని. కూతలను ఎడాపెడా వదలాలి. ఒకటి వెంటనే, ఇంకొకటి ఆలస్యంగా, ఎప్పుడొస్తుందో కూర్చున్నవాడికి అంతు చిక్కకూడదు. ఈ పనిలో మొదటి పాఠం అది. రోజుకు యాభై మంది వచ్చి పడుతుంటే నా వేలు దాని దారిన అది పోతోంది. గడియారం కొట్టినట్టు ఒకే ఎడంతో నొక్కేస్తున్నాను. దరువు తెలిసినవాడికి అంతకన్నా ఏం కావాలి?

మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి మూడు కూతలు సమానమైన ఎడంతో గట్టిగా వదిలి, నాలుగోది వదలకుండా చెయ్యి తీసేశాను. మొండయ్య నొక్కాడు. సరిగ్గా నాలుగోది రావలసిన క్షణంలో నొక్కాడు. మళ్లీ మూడే వదిలాను. మళ్లీ నాలుగు నొక్కాడు. దొంగతనం చేసేవాడు మొహం చూస్తాడు, తడబడతాడు. ఈయన కళ్లు మూసుకుని, విన్నవాడిలాగే తల పంకిస్తున్నాడు.

తలుపు తీసి అడిగాను. "ఏం మొండయ్యన్నా, ఎన్ని ఇనబడినాయి నీకు?"

"నాలుగు సాబ్. నాలుగోది జర సన్నగ."

"నాలుగోది నేను వదల్లా న్నా."

ఆయన నవ్వాడు. "మజాక్ చేస్తున్నరా? నాకు ఇనవడ్డది. డప్పు కొట్టే చేతులు సాబ్ ఇవి. దరువు ఏడ తప్పిందో నాకు తెల్వదా?"

ఇక ఎడాపెడా పరీక్ష చేశాను. అసలు గీత బయటపడింది. సన్నటి కూతలు పూర్తిగా పోయాయి. మధ్యవి సగం పోయాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు.

నేను హైదరాబాద్‌లో డిప్లొమా చదివేటప్పుడు మా తలలకు వైర్లు అంటించి, ఒకే ఎడంతో టిక్కు టిక్కు మనే చప్పుడు వినిపించేవారు. చప్పుడు వచ్చినప్పుడల్లా కాగితం మీద గీత లేచేది. మధ్యలో ఒక టిక్కు ఎగ్గొట్టేవారు. అప్పుడు కూడా గీత లేచేది! రాని చప్పుడుకు నా తలకాయ జవాబు చెప్పడం నా కళ్లతో నేనే చూశాను. పాటలో మనకు హాయినిచ్చేది ఇదేనని మా మాస్టారు చెప్పేవారు. వచ్చేదాన్ని మనసు ముందే వినేస్తుంది, అది వచ్చి సరిపోయినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. చెవి బాగుంటే, రానిది రాలేదని చెప్పి మనసును సరిదిద్దుతుంది. చెవి పోయేకొద్దీ ఆ చెప్పేవాడు లేకుండా పోతాడు. చెవి తేలేనిదాన్ని మనసు తన దగ్గరున్న సరుకుతో నింపేస్తుంది. కొందరు ముసలివాళ్లకు ఖాళీ గదిలో పాటలు వినబడేది ఇలాగే. పిచ్చి కాదు అది.

ఇదంతా మొండయ్యకు నాకొచ్చిన మాటల్లో చెప్పాను. ఆయన సగమే విన్నాడు. ఆయన చూపంతా నా చేతిలోని రెండో చార్టు మీద ఉంది.

"సాబ్, గది ఇయ్యకుండ్రి. మొదటిదియ్యండ్రి. మా కంపెనీ ఎర్రల పడ్డది. అన్‌ఫిట్ అంటే తెల్లారే ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి తోలేస్తరు."

"నిన్ను పంపిస్తే నువ్వొక్కడివే పోతావు న్నా. నిన్ను ఉంచితే లోపలుండేవాని గతేంది?"

"లోపలుండేటోడు మా అక్క కొడుకు సాబ్," అన్నాడు. "లక్ష్మణ్. వాడు దిగుతె బయట నేనే ఉంట. ఇంకొకడైతె సెల్ సూసుకుంట కూసుంటడు. నేను మా అక్కకు మాటిచ్చి తోలుకొచ్చిన వాణ్ని. నేను పోతె వాని పానానికి ఎవడు కావలి?"

లోపలివాడితో మాట ఎలా కలుపుతారని అడిగాను. ఇనుము లోపల రేడియో గరగరమంటుందట. తాడు కడితే లోపలి పైపులకు చుట్టుకుంటుందట. అందుకని మామా అల్లుళ్లిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. మొండయ్య కంత అంచు మీద స్పానర్‌తో మూడు దెబ్బలు కొడతాడు. నాలుగోది లోపల్నుంచి లక్ష్మణ్ కొడతాడు. ఊళ్లో ఇద్దరూ డప్పు కొట్టినవాళ్లే.

"నిమిషానికోపారి," అన్నాడు గొప్పగా. "మూడు నాయి, ఒకటి వానిది. ఏడేండ్ల సంది ఒక్కనాడు తప్పలే."

మూడు వినిపిస్తే నాలుగోది తనంతట తనే వినే మనిషి. అవతలివాడి ప్రాణం ఆ నాలుగో దెబ్బ మీదే ఉంది. ఇంత భయంకరమైన ఏర్పాటు పగవాళ్లు కూడా చెయ్యలేరు. వీళ్లు ప్రేమతో చేసుకున్నారు.

నిజం రాయాల్సింది. రాయలేదు. జాలిపడ్డానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది గానీ, సగమే నిజం. రెండో చార్టు ఇస్తే మొదటిది ఎందుకు తప్పిందని మేనేజర్ అడుగుతాడు. నా వేలి సంగతి బయటపడుతుంది. ఆ నెలలో వచ్చిన వాళ్లందరి చార్టులూ అనుమానంలో పడతాయి. నన్ను పంపడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా పరిస్థితి. మొదటి చార్టు మీద సంతకం పెట్టాను. రెండోది చింపేశాను.

"ఒక్క మాట మాత్రం ఇను న్నా," అన్నాను. "దరువు మీద కొట్టొద్దండి. నువ్వు రెండు కొడితే ఆయప్ప అయిదు కొట్టల్ల. నువ్వు అయిదు కొడితే ఆయప్ప ఒకటి. ఎంతొస్తాదో నీకు ముందే తెలీకూడదు."

ఆయన నా చేతులు పట్టుకుని సరేనన్నాడు.

రెండు వారాలకు రిఫైనరీలో ఒక భాగం ఆపి పనులు మొదలుపెట్టారు. అలాంటప్పుడు మా క్లినిక్ వాళ్లు అక్కడ ఒక ప్రథమ చికిత్స టెంటు వేస్తారు. ఆసారి నన్ను కూర్చోబెట్టారు. మొదటి రోజే మొండయ్యను వెతుక్కుంటూ వెళ్లాను. లక్ష్మణ్ అక్కడే ఉన్నాడు, నీడలో కూర్చుని పెరుగన్నం తింటూ. ఇరవై ఆరేళ్లు, నవ్వితే చిగుళ్లన్నీ కనబడతాయి.

"మీరేనా సాబ్ మా మామకు లెక్కలు నేర్పింది?" అన్నాడు. "రెండు రోజులు సూసినం. నాతోని కాలే. లోపట సీకటి, మాస్కుల నా ఊపిరే నాకు బుస్సుబుస్సుమని ఇనవడ్తది. రెండా అయిదా అని యాదికుండదు, గాబరైతది. దరువు మీదైతె మామ పక్కనే ఉన్నట్టుంటది. చెయ్యి దానంతలదే లేస్తది. భయమే కాదు."

అతను చెప్పిందీ నిజమే. తోడు మనిషితో లయ కలిస్తే గుండె కుదుటపడుతుంది. పొలాల్లో నాట్లేసేవాళ్లు, పల్లకీ మోసేవాళ్లు ఊరికే పాడలేదు. లక్ష్మణ్‌ను లోపల నిలబెట్టే ఆ లయే బయట మొండయ్యను మోసం చేస్తుంది. అప్పుడైనా సేఫ్టీ ఆఫీసర్ దగ్గరకు పోవాల్సింది. నాలుగు కంతలకు ఆయన ఒక్కడే, ఎండలో అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు. రేపు చెబుదాంలే అనుకున్నాను. నా అంత చవట ఇంకొకడు లేడు.

ఆరో రోజు ఉదయం మజ్జిగ ప్యాకెట్లు పట్టుకుని వెసెళ్ల వైపు వెళ్లాను. టైము తొమ్మిది యాభై. టెంటు రిజిస్టరులో రాసి బయల్దేరాను కాబట్టి కచ్చితంగా తెలుసు. వెసెల్‌లోని బురద లాగే ట్రక్కు పక్కనే హోరుమంటోంది. నేల అదురుతోంది. మొండయ్య కంత దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. లక్ష్మణ్ లోపల ఉన్నాడు. గాలి గొట్టం కంతలోంచి లోపలికి పోతోంది.

మొండయ్య మూడు దెబ్బలు కొట్టాడు. తల పక్కకు వంచాడు. తల పంకించాడు.

నాకు ఏమీ వినబడలేదు. దగ్గరకు జరిగి కంత అంచుకు చెవి పెట్టినంత పని చేశాను. ఇంకో నిమిషానికి మూడు కొట్టాడు. అప్పుడు విన్నాను. సన్నగా, లోతు నుంచి, ఇనుము మీద ఒక్క దెబ్బ. మళ్లీ నిమిషానికి మళ్లీ విన్నాను. పది నిమిషాలు అక్కడే ఉన్నాను. ప్రతిసారీ వచ్చింది. నా చెవులకు ఏ లోపమూ లేదు, ఆ నెలలోనే పరీక్ష చేసుకున్నాను. ప్రాణం కుదుటపడింది.

"బాగా కొడ్తాండాడే మీ అల్లుడు," అన్నాను, గట్టిగా.

"మరేమనుకున్నరు?" అన్నాడు మొండయ్య. మజ్జిగ ప్యాకెట్ చేతిలో పెట్టి టెంటుకు తిరిగొచ్చాను.

పదిన్నరకు టీ టైమైనా లక్ష్మణ్ బయటికి రాలేదు. ఇంకొకడికి మాస్కు తగిలించి లోపలికి దించారు. లక్ష్మణ్ బురదలో బోర్లా పడి ఉన్నాడు. స్పానర్ చేతిలోనే ఉంది. టెంటుకు తెచ్చినప్పుడు నేనే నాడి చూశాను. ఒళ్లు అప్పటికే చల్లబడుతోంది. ఆ ఎండలో.

విచారణలో గాలి కంప్రెసర్ రికార్డు తీశారు. గొట్టానికి గాలి తొమ్మిది నలభైకి ఆగిపోయిందని అందులో ఉంది. నన్ను పిలిచి, తొమ్మిది యాభైకి లోపలి నుంచి జవాబు విన్నావా అని అడిగారు. విన్నానన్నాను. నేను అబద్ధం చెప్పలేదు. విన్నాను. మొండయ్య చార్టు చూశారు, దివ్యంగా ఉంది. ఇద్దరు మంచి చెవులవాళ్లు తొమ్మిది నలభై దాటాక కూడా దెబ్బ విన్నారు కాబట్టి రికార్డే తప్పన్నారు. టీకి బయటికి రాబోతూ కుర్రాడే ఏదో తొందరపడి మాస్కు కదిలించుకుని ఉంటాడని రాసి మూసేశారు. అందరికీ సుఖంగా ఉన్న మాట అది. నాకూ అంతే. నాలుగు రోజులు దాన్ని పట్టుకుని బతికాను. నాలుగు రోజులూ అన్నం సయించలేదు.

అయిదో రోజు ఉదయం మొండయ్య టెంటుకు వచ్చాడు. కళ్లు గుంటలు పడ్డాయి. లక్ష్మణ్ ఇంకా మార్చురీలోనే, కాగితాల కోసం.

"మా అక్క ఫోన్ల ఒక్కటే అడుగుతాంది సాబ్. నా కొడుకు ఆఖరికి ఎట్ల ఉండె అని. నీ కొడుకు టీ టైము దాక నాతోని దరువు ఏసిండు అని చెప్పిన. మీరు గూడ విన్నరు గద?"

"విన్నాను న్నా."

"గదొక్కటే నాకు ధైర్యం," అని మొహం తుడుచుకుని లేచాడు. "పోత సాబ్. యాదగిరి లోపటికి దిగుతుండు. నేనే వాచ్."

యాదగిరి వాళ్ల క్యాంపువాడే. వాడికీ అదే పద్ధతి నేర్పాడట. మొండయ్య వెళ్లిపోయాక కుర్చీలో కూర్చోలేకపోయాను. తొమ్మిది నలభై అన్న రికార్డు తప్పు కాకపోతే? చల్లబడ్డ ఆ ఒళ్లు అబద్ధం కాకపోతే? నేను విన్నది ఏమిటి? కంత దగ్గరకు పోయినప్పుడు ఆ దెబ్బ వినబడాలని నేను ఎంత కోరుకున్నానో నాకు తెలుసు. ఆ హోరులో అంత కోరిక ఉంటే మంచి చెవి కూడా చెడ్డ చెవే. డిప్లొమాలో కాగితం మీద లేచిన గీత నా తలదే కదా! నాకేదో మినహాయింపు ఉందనుకున్నాను.

పరుగెత్తాను. ట్రక్కు హోరుమంటోంది. మొండయ్య మూడు కొట్టాడు, తల పంకించాడు. అల్లా సాక్షిగా చెబుతున్నాను, నాలుగోది నాకూ వినబడింది. ఈసారి నమ్మలేదు. గాలి గొట్టం రెండు చేతులా పట్టుకుని ఆగకుండా గుంజాను. బయటికి రమ్మని దానికి అర్థం.

"ఏం జేస్తున్నరు సాబ్! వాడు మంచిగనే ఉన్నడు, ఇప్పుడే కొట్టిండు!" అని మొండయ్య నా భుజం పట్టుకున్నాడు. విదిలించుకుని గుంజుతూనే ఉన్నాను. ఎంతసేపటికో కంతలోంచి నల్లటి తల ఒకటి పైకి వచ్చింది. యాదగిరి. మాస్కు లాగేసుకుని ఎండకు కళ్లు చికిలించాడు. బతికే ఉన్నాడు.

"ఏమైంది? గట్ల గుంజుతరేంది?"

"నువ్వు కొడుతనే ఉన్నవ్ కదరా, ఈ సాబే..." అన్నాడు మొండయ్య.

"నేనేడ కొట్టిన కాకా?" అన్నాడు యాదగిరి. "స్పానర్ బురదల పడ్డది. పావుగంట సంది దేవులాడుతున్న. నీ దెబ్బలైతె ఇనవడుతున్నయ్. జవాబు రాకుంటె నువ్వే గుంజుతవ్ అనుకున్న." బురద కారుతున్న రెండు చేతులు చాపి చూపించాడు. వాటిలో ఏమీ లేదు.

మొండయ్య ఆ చేతుల వైపు చూశాడు. మెల్లగా నేల మీద కూర్చున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. నా మొహంలోకి, నా పెదాల వైపు చూస్తూ అడిగాడు.

"సాబ్, సక్కగ చెప్పుండ్రి. లక్ష్మణ్ పొయినంక నేనొక్కన్నే ఎంతసేపు కొట్టిన?"

ఎన్నో అబద్ధాలు నోటిదాకా వచ్చాయి. చార్టు దగ్గర మొదలైన అబద్ధం అప్పటికే ఒకణ్ని మింగింది. ఇంకొకడు ఇప్పుడే దాని నోట్లోంచి బయటపడి నా ముందు దగ్గుతున్నాడు.

"యాబై నిమిషాలు న్నా," అన్నాను. "అందులో పది నిమిషాలు నేను నీ పక్కనే ఉండా."